మంచు రాణి కోటకి డబ్బెంత కావాలి? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఫిన్లాండ్ వాళ్లు 1986లో తీసిన 'లుమికునింగతర్' అనే పిల్లల సినిమా గురించి కొంచెం రాశాను. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 'మంచు రాణి' కథని ఆధారంగా చేసుకుని పైవి హార్ట్‌జెల్ తీసిన సినిమా అది, రాణిగా సాతు సిల్వో నటించింది, సంగీతం యుక్కా లింకోలా. రాసింది తక్కువే గానీ ఉత్తరాలు మాత్రం చాలా వచ్చాయి, కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని కోపంగా, ఒకటైతే తొమ్మిదేళ్ల పాప సొంత చేత్తో రాసింది. ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: మీరు రాశారు కదా అని మా ఎనిమిదేళ్ల బాబుతో కూర్చుని చూశాం. పది నిమిషాలకే "ఏంటమ్మా, స్కూల్లో వేసే నాటకంలా ఉంది" అన్నాడు. వాడు పెద్ద పెద్ద యానిమేషన్ సినిమాలు చూసి పెరిగాడు మరి. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. డబ్బుల్లేక అలా తీశారా, కావాలనే అలా తీశారా? – ఒక అమ్మ

రెండూ అనుకోండి. ముందు డబ్బు సంగతి చెప్తాను. 1986లో ఫిన్లాండ్ జనాభా మొత్తం కలిపి 50 లక్షలు కూడా లేదు. ఆ భాషలో తీసిన సినిమాని ఆ దేశం బయట థియేటర్‌కి వెళ్లి చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు? టికెట్ల మీద వచ్చేది అంతంతమాత్రం కాబట్టి అక్కడ సినిమా తీయాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి, 1969లో పెట్టిన ఫిన్నిష్ ఫిల్మ్ ఫౌండేషన్ చేసేది ప్రధానంగా ఆ పనే. అలాంటి చోట, అదీ పిల్లల కోసం, అందులోనూ కోటలూ మంత్రాలూ ఉన్న కథ తీస్తామని దిగడమే పెద్ద సాహసం. హాలీవుడ్ పక్కన పెట్టి చూస్తే అది ఎప్పటికీ చిన్న సినిమాలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ కథకి ఎంత డబ్బు కావాలో మీరే ఒకసారి ఆలోచించండి. ఆండర్సన్ రాసిన మంచు రాణి కోటలో గోడలు ఎగిరొచ్చి పేరుకున్న మంచు, కిటికీలూ తలుపులూ కోసేసే గాలి. నూరుకి పైగా హాళ్లు, అన్నిట్లోకీ పెద్దది కొన్ని మైళ్ల పొడవు, వెలుతురంతా ఉత్తర ధ్రువ కాంతులది. అంత పెద్ద చోట ఏముంటుంది? ఏమీ ఉండదు. అంతా ఖాళీ. నడిమధ్య గడ్డకట్టిన సరస్సు, అది వెయ్యి ముక్కలుగా పగిలి ఉంటుంది, ఆ ముక్కల ముందు రాణి ఎత్తుకొచ్చిన పిల్లాడు కాయ్ ఒక్కడే కూర్చుని ఉంటాడు, చలికి ఒళ్లంతా నీలంగా, దాదాపు నల్లగా అయిపోయి కూడా వాడికి ఆ చలి తెలియదు. ముక్కల్ని అటు పేర్చి ఇటు పేర్చి ఒక మాట తయారు చేయాలని చూస్తుంటాడు. అంతే సీను. నేను ఈ కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ప్రతిసారీ ఇక్కడికొచ్చేసరికి గొంతు పట్టేస్తుంది, ఎందుకంటే అక్కడ భయపెట్టేది ఏ రాక్షసుడో కాదు, పలకరించే మనిషి లేకపోవడం. ఈ సీనుకి కోట్లు పోసి వెయ్యి స్తంభాలూ మెరుపులూ సైన్యాలూ పెట్టారనుకోండి, ఆ ఖాళీ నిండిపోతుంది, పిల్లాడి ఒంటరితనం కనపడకుండా పోతుంది. చేతిలో డబ్బు లేని డైరెక్టర్ ఆ ఖాళీని ఖాళీగానే ఉంచుతారు, అదే కథకి కావలసింది.

ఇంకోటి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. మూల కథలో రాణితో క్లైమాక్స్ ఫైట్ లేదు. కాయ్‌ని వెతుక్కుంటూ బయలుదేరిన వాడి నేస్తం గెర్డా కోటలోకి వచ్చేటప్పటికి రాణి అసలు ఇంట్లోనే లేదు! ఎట్నా, వెసూవియస్ అగ్నిపర్వతాలకి కాస్త తెల్ల రంగు వేసొస్తానని, నిమ్మలకీ ద్రాక్షలకీ అది మంచిదని చెప్పి వెచ్చటి దేశాలకి వెళ్లిపోయి ఉంటుంది. పాప వస్తుంది, కాయ్‌ని పట్టుకుని ఏడుస్తుంది, ఆ వేడి కన్నీళ్లు వాడి గుండెలో ఉన్న మాయ అద్దం ముక్కని (ఆ అద్దం సంగతి కింద చెప్తాను) కరిగిస్తాయి, తర్వాత వాడు ఏడిస్తే కంట్లో ముక్క కొట్టుకుపోతుంది. కోట లోపల ఇద్దరు పిల్లలు ఏడవడం తప్ప పెద్దగా ఏమీ జరగదు. దీనికి గ్రాఫిక్స్ ఎందుకండీ, ఏడుపు నిజంగా రావాలి, అంతే.

అలాగని చిన్న బడ్జెట్ అంతా వరమే అని నేను అనను. గెర్డా ప్రయాణం ఉంది చూడండి, వసంతంలో బయలుదేరి నది, పూలతోట, రాజుగారి కోట, దొంగలు ఉండే చోటు, ఆ పైన ఉత్తరాన మంచు మైదానాలు, ఆండర్సన్ దీన్ని ఏడు భాగాలుగా రాశాడు. ఒక్కో భాగంలో వేరే లోకం, వేరే రుతువు. డబ్బు తక్కువైతే ముందు దెబ్బ తినేది ఇదే. పాప నెలల తరబడి నడిచిందన్న భావన రాదు, పక్క వీధికి వెళ్లొచ్చినట్టు ఉంటుంది. చిన్న సినిమాల్లో నాకు వెలితిగా అనిపించేది అక్కడే, మీ వాడు నాటకంలా ఉందన్నాడంటే కొంత దాని వల్లే కావచ్చు.

వాడిని ఇంకోసారి కూర్చోబెట్టండి, కానీ ముందు అద్దం కథ చెప్పండి. ఒక దుష్టుడు అద్దం తయారు చేస్తాడు, అందులో మంచివన్నీ కుంచించుకుపోయి చెడ్డవన్నీ పెద్దగా కనిపిస్తాయి. దాన్ని పైకి మోసుకెళ్తుంటే జారి కిందపడి లెక్కలేనన్ని ముక్కలవుతుంది, కొన్ని మనుషుల కళ్లల్లో పడతాయి, కొన్ని కిటికీలకి బిగిస్తారు, కొన్నిటితో కళ్లద్దాలు చేస్తారు. ఇది మా అక్క కూతురికి చెప్పినప్పుడు అది ఏం మాట్లాడలేదు, మెల్లగా తన కళ్లద్దాలు తీసి గౌను అంచుతో తుడిచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, మళ్లీ పెట్టుకుని "ఊఁ, తర్వాత?" అంది. సినిమా చూస్తున్నంతసేపూ సెట్టు గురించి ఒక్క మాట అడగలేదు.

ప్రశ్న: ఆండర్సన్ డెన్మార్క్ ఆయన కదా? ఫిన్లాండ్ వాళ్లకి ఈ కథతో ఏం సంబంధం? – డిగ్రీ విద్యార్థిని

ఆయన డెన్మార్క్ ఆయనే. 1844 డిసెంబర్‌లో కోపెన్‌హాగెన్‌లో అచ్చయింది కథ. అయితే ఆ కథ ఉత్తరానికే నడుస్తుంది. గెర్డా రెయిన్‌డీర్ ఎక్కి లాప్లాండ్ చేరాక అక్కడొక ముసలమ్మ, రాణి ఇంకా పైన ఫిన్‌మార్క్‌లో ఉందని చెప్పి, రాయడానికి కాగితం లేక ఎండుచేప మీద నాలుగు మాటలు రాసిస్తుంది. ఆ చేప పట్టుకుని వీళ్లు 'ఫిన్ మహిళ' ఇంటికి వెళ్తారు. ఆ ఇంటికి తలుపే లేదు, పొగగొట్టం మీద తట్టాలి! లోపల ఒకటే ఉక్క. ఆవిడ పాప చేతి తొడుగులూ బూట్లూ విప్పి, రెయిన్‌డీర్ తల మీద మంచుగడ్డ పెట్టి, చేప మీద రాసింది మూడుసార్లు చదివి, నోటికొచ్చేసిందని ఆ చేపని కాస్తా వంటకుండలో వేసేస్తుంది. తినేది పారేయడం ఆవిడకి అలవాటు లేదట. ప్రపంచంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉత్తరం అదే.

ఒక జాగ్రత్త. ఫిన్‌మార్క్ ఇప్పటి నార్వేలో ఉంది, ఆ రోజుల్లో అక్కడి మాటల్లో 'ఫిన్' అంటే ఆ ఉత్తరాది ఆదివాసులైన సామీ జనాన్ని కూడా అనేవాళ్లు. కాబట్టి ఆ మహిళని ఫిన్లాండ్ ఆవిడ అని ఖాయం చేసేయకండి. కానీ అక్కడి చలి, చీకటి, రెయిన్‌డీర్లు ఫిన్లాండ్ పిల్లలకి కొత్త కాదు, కథ వాళ్లకి ఇంటి పక్కన జరిగినట్టే. వాళ్ల భాషలో పేర్లు కూడా మారాయి, కాయ్ 'కై' అయ్యాడు, గెర్డా 'కెర్త్తు' అయింది. ఈ సినిమా కూడా కథని ఉన్నదున్నట్టు తీయలేదు, బాగానే స్వేచ్ఛ తీసుకుంది. పుస్తకం పక్కన పెట్టుకుని పేజీ పేజీ పోల్చుకుంటూ చూస్తే చిరాకే మిగులుతుంది.

ప్రశ్న: 'లుమికునింగతర్' అంటే మంచు రాణా, మంచుగడ్డ రాణా? – ఒక తెలుగు టీచర్

మంచి ప్రశ్న వేశారు మాస్టారూ. 'కునింగతర్' అంటే రాణి. 'లుమి' అంటే ఆకాశం నుంచి దూదిలా రాలేది. గడ్డకట్టింది 'యా', సాగదీసి పలకాలి. మనకి తెల్లారి గడ్డి మీద మెరిసేది మంచు, రోడ్డు కనపడకుండా కమ్మేసేది మంచు, కొండ మీద పేరుకున్నదీ మంచే. వాళ్లకి అలా కుదరదు. వానతో కలిసి పడే తడిమంచు 'రాంతా', కరిగి రోడ్డు మీద బురదైపోయింది 'లోస్కా', ఉండ చేస్తే నిలబడే మెత్తటి తడిమంచు 'నువోస్కా', నేల మీద పరుచుకుని ఉన్నది 'హంకి', కొమ్మల మీద పొడిలా పట్టింది 'కూరా'. రోజూ అందులో నడిచేవాళ్లకి ఏది జారుతుందో ఏది మోస్తుందో తెలియాలి కదా.

కథకి కూడా ఈ తేడా ముఖ్యం. మొదట్లో బామ్మ రాలుతున్న మంచుని చూపించి "తెల్ల తేనెటీగలు ముసురుతున్నాయి" అంటుంది, కాయ్ వెంటనే "వాటికీ రాణి ఉందా?" అని అడుగుతాడు. ఆ రాణి పుట్టింది అక్కడ, ఆ రేకుల్లో. పగిలిన గడ్డల సరస్సు మాత్రం చివర్లోనే వస్తుంది. మెత్తగా రాలేదాంతో మొదలై గట్టిగా పగిలేదాంతో ముగుస్తుంది.

ప్రశ్న: మా ఐదేళ్ల పాప రాణిని చూసి భయపడి నా ఒళ్లో దూరిపోయింది. ఆపేశాను. తప్పు చేశానా? – ఒక నాన్న

ఆపడం తప్పు కాదండీ. ఒళ్లో దూరడం కూడా తప్పు కాదు, దూరడానికి ఒళ్లు ఉంది కదా, అదే కావాలి. ఫిన్లాండ్‌లో సినిమాలకి వయసు గుర్తులు ఉంటాయి, అందరూ చూడొచ్చు అనేది ఒకటి, తర్వాత 7, 12, 16, 18. థియేటర్లో పెద్దవాళ్లు తోడుంటే ఆ అంకెకి మూడేళ్ల వరకు చిన్న పిల్లల్ని కూడా లోపలికి రానిస్తారు, 18కి మాత్రం ఆ సడలింపు లేదు. అంటే 7 అని ఉన్న సినిమాకి నాలుగేళ్ల పాప అమ్మతోనో నాన్నతోనో రావచ్చు. ఆ రూల్ నాకు చాలా నచ్చుతుంది, భయాన్ని పూర్తిగా నిషేధించకుండా పక్కన మనిషిని పెట్టింది.

ఈ కథలో భయం ఉండి తీరాలి. రాణి కాయ్‌కి ముద్దు పెడుతుంది, మొదటి ముద్దుకి చలి పోతుంది, రెండోదానికి గెర్డానీ బామ్మనీ మర్చిపోతాడు, ఇంకొకటి పెడితే చచ్చిపోతావని తనే చెప్పి ఆపేస్తుంది. ఇది తీసేసి రాణిని మంచిదాన్ని చేసేస్తే గెర్డా అంత దూరం నడిచింది దేనికి? కొన్నాళ్లు ఆగి, పాప తనంతట తను అడిగినప్పుడు పగటిపూట, మధ్యలో ఆపుకుంటూ చూపించండి. రాత్రి పడుకునే ముందు మాత్రం వద్దు.

ప్రశ్న: తెలుగు డబ్బింగ్ లేదు, సబ్‌టైటిల్స్ పిల్లలు చదవలేరు. ఎలా? – పాఠకుడు

మీరే చదివి వినిపించండి, రాణి మాటలు నెమ్మదిగా, పిల్లల మాటలు గబగబా. ఫిన్లాండ్‌లో కూడా చిన్నపిల్లల సినిమాలకి తప్ప డబ్బింగ్ ఉండదు, మిగతావన్నీ కింద అక్షరాలతోనే చూస్తారు.

ప్రశ్న: నేను షార్ట్ ఫిల్మ్‌లు తీస్తాను. చేతిలో డబ్బు లేదు గానీ మంచు కథ తీయాలని పిచ్చి. అలాంటి చలి దేశంలో షూటింగ్ ఎలా చేస్తారు? సెట్ వేస్తే ఖర్చు, బయటికి వెళ్తే టెన్షన్. – ఒక కుర్రాడు

తమ్ముడూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఉత్తర దేశాల్లో తీసేవాళ్లకి మంచు ఫ్రీగా వస్తుంది, పగలే ఖరీదు. డిసెంబర్ చివర్లో హెల్సింకీలో పొద్దు ఆరు గంటలు కూడా ఉండదు, ఇంకా పైకి లాప్లాండ్ కొసకి, ఊత్స్‌యోకి దాకా వెళ్తే దాదాపు యాభై రోజులు సూర్యుడే పైకి రాడు. దాన్ని వాళ్లు 'కామోస్' అంటారు. కానీ అది కటిక చీకటి కాదు, మధ్యాహ్నం కొన్ని గంటలు ఆకాశం నీలంగా ఉంటుంది, మంచు ఆ నీలాన్ని పట్టుకుని తిరిగి ఇస్తుంది. లైట్లు పెట్టి ఎంత కష్టపడినా ఆ రంగు తేవడం కష్టం. మంచు రాణి కథకి అంతకన్నా మంచి లైటింగ్ ఎవరిస్తారు?

ఇక కెమెరా. చలిలో బ్యాటరీలు చూస్తుండగానే పడిపోతాయి, అందుకే స్పేర్ బ్యాటరీలు లోపలి జేబుల్లో ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. 1986 నాటి ఫిల్మ్ రీళ్లకైతే ఇంకో బాధ, చలికి పెళుసుబారి తెగుతాయి, గాలి మరీ పొడిగా ఉంటే స్టాటిక్ కరెంట్ పుట్టి బొమ్మ మీద చిన్న మెరుపుల్లాంటి గీతలు పడతాయి. అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది బయట కాదు, లోపల. గంటల తరబడి గడ్డకట్టిన కెమెరాని వెచ్చటి గదిలోకి తేగానే లెన్స్ మీద, లోపలి భాగాల మీద కూడా చెమ్మ పట్టేస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు. అందుకని బయటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి చొరబడకుండా కట్టేసి, లోపలికి తెచ్చి, కెమెరా గది వేడికి వచ్చేదాకా ముట్టుకోకుండా కూర్చుంటారు. చెమ్మంతా కవర్ పైనే పడుతుంది. తొందరపడి విప్పారా, ఆ పూటకి పని అయిపోయినట్టే.

తెల్లటి మంచుని వెలుతురు కొలిచే మీటర్ నమ్మి తీస్తే బూడిద రంగులో వస్తుంది, ఒకటి ఒకటిన్నర స్టాప్ పైకి తెరవాలి, అంటే వెలుతురు ఇంకాస్త ఎక్కువ లోపలికి రానివ్వాలి. పైగా మంచు మీద నడిచే సీనుకి రెండో టేక్ ఉండదు. పాప ఒకసారి నడిచిందంటే అడుగులు పడిపోయాయి, మళ్లీ తీయాలంటే కెమెరాని పక్కకి జరిపి, ఎవరూ తొక్కని చోటు వెతుక్కోవాలి. యూనిట్‌లో ఒక్కరు తెలియక అడ్డంగా నడిచినా ఫ్రేమ్ పాడు. అందుకే ఎవరు ఎటు నడవాలో ముందే తాడు కట్టి పెట్టుకోండి.

సెట్‌లో తీస్తే ఉప్పు, కాగితం, నురుగు, ఇవన్నీ మంచులాగే కనిపిస్తాయి. పట్టుబడేది ఎక్కడో తెలుసా? నోటి దగ్గర. చలిలో మాట్లాడితే ఆవిరి రావాలి, వెచ్చటి స్టూడియోలో అది రాదు. ప్రేక్షకుడు ఇది తప్పని చెప్పలేడు గానీ ఏదో నమ్మబుద్ధి కాదు. మీ దగ్గర నిజమైన చలి లేకపోతే మాటలు తగ్గించండి, మొహం క్లోజప్ తగ్గించండి, వీపు వైపు నుంచి తీయండి. లేదా ఇది కలలాంటి లోకం, ఇక్కడ ఏదీ నిజంలా ఉండదు అని మొదటి షాట్‌లోనే చెప్పేసి ఆ మాట మీద చివరిదాకా నిలబడండి. సగం నిజం సగం సెట్ అనేదే కొంప ముంచుతుంది.

కథ హక్కుల గురించి భయపడకండి. ఆండర్సన్ 1875లో పోయారు, మూల కథ అందరిదీ. ఇంకొకరి అనువాదంలోని మాటలూ, ఇంకొకరి సినిమాలోని సీన్లూ మాత్రం తీసుకోవద్దు.

ప్రశ్న: ఫిన్లాండ్ నుంచి ఇలాంటి జానపద సినిమాలు ఇంకేమైనా ఉన్నాయా? – రిటైర్డ్ ఉద్యోగి

ఉన్నాయండీ. 1949లో ఎడ్విన్ లైనే తీసిన 'ప్రిన్సెస్సా రూసునెన్' నిద్రపోయే రాకుమారి కథే, అక్కడి పిల్లలకి కథల తాతయ్య లాంటి జకారియాస్ తొపేలియుస్ రాసిన నాటకం దానికి మూలం. ఆ నాటకానికి ఎర్కి మెలార్తిన్ 1904 ప్రదర్శన కోసం కట్టిన మార్చ్ ఒకటి ఉంది, ఇప్పటికీ ఫిన్లాండ్ పెళ్లిళ్లలో వాయిస్తారు. పిల్లల నాటకం కోసం కట్టిన బాణీ ఊరందరి పెళ్లి బాణీ అయింది, ఇంతకన్నా ఏం కావాలి? డబ్బు బాగా పోసి తీస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 1959లో సోవియట్ వాళ్లతో కలిసి తీసిన 'సంపో' చూడండి, ఫిన్లాండ్ వాళ్ల పురాణ కావ్యం కాలెవాలా గాథల నుంచి తీసుకున్నది, దర్శకుడు అలెక్సాందర్ ప్తుష్కో. కళ్లు చెదిరిపోతాయి, ఒప్పుకుంటాను. కానీ రాత్రి పడుకున్నాక నాకు గుర్తొచ్చేది ఆ చిన్న సినిమానే.

ప్రశ్న: రాణి కాయ్‌కి మొత్తం ప్రపంచం, కొత్త స్కేట్స్ ఇస్తానంది కదా. ఇచ్చిందా? – తొమ్మిదేళ్ల పాప (ఉత్తరం పెన్సిల్‌తో రాసింది, కింద స్కేట్స్ బొమ్మ కూడా వేసింది)

లేదమ్మా, ఇవ్వలేదు. ఆ మంచు ముక్కలతో ఒక మాట పేరిస్తే ఇస్తానంది. డేనిష్‌లో ఆ మాట 'ఎవిహేద్', అంటే ఎప్పటికీ ఉండేది అని. కాయ్ ఎంత ప్రయత్నించినా రాలేదు. గెర్డా వచ్చి ఇద్దరూ ఏడ్చి, నవ్వి, సంతోషపడుతుంటే ఆ ముక్కలు కూడా సంతోషంతో గంతులేసి, అలిసిపోయి పడుకున్నాయి. పడుకున్న తీరు చూస్తే సరిగ్గా ఆ మాటే! కానీ అప్పుడు రాణి ఇంట్లో లేదు కదా, స్కేట్స్ ఎవరిస్తారు? కాయ్ కూడా వాటి కోసం ఆగలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి బయలుదేరారు. నువ్వు వేసిన బొమ్మలో ఎడమ కాలి స్కేట్‌కి లేసు కట్టలేదు, చూసుకో.